మనుషులు లేని పన్నెండు బొమ్మలు

మే 6, 1963. సోమవారం. సాయంత్రం 4:30

అమ్మమ్మ ఊరు చేరాను. నెల్లూరు నుంచి బస్సు, బస్సు దిగాక మా మేనమామ ఎద్దుల బండి. మామ పేరు సమాధానం. దారి పొడుగునా కెమెరాను ఒళ్లో పెట్టుకుని పైట కప్పాను. బస్సులో పక్కనున్న పెద్దామె గొంతు తగ్గించి, "ఎన్ని నెలల బిడ్డ?" అని అడిగింది.

కెమెరా నాది కాదు. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే రెబెక్కమ్మ గారిది. నల్ల డబ్బా. ముందొక కన్ను, వెనక చిన్న ఎర్ర కిటికీ. కిటికీలో అంకె కనిపిస్తుంది. బొమ్మ తీశాక మీట తిప్పితే తర్వాతి అంకె వస్తుంది. పన్నెండు అంకెలు, పన్నెండే బొమ్మలు. ఫిల్ము ఎక్కడా దొరకడం లేదు. మేడమ్ దగ్గర ఉన్నవి రెండే రోళ్లు. ఒకటి నా క్లాసు ప్రమీలకి ఇచ్చారు, ఒకటి నాకు.

లాబ్ వెనక మేడమ్ గారి చీకటి గది ఉంది. అక్కడ తెల్ల కాగితాన్ని నీళ్లలాంటి మందులో ముంచితే బొమ్మ దానంతటదే తేలి వస్తుందట. అది నా కళ్లతో చూడాలి. ఈ లోకంలో ఇప్పుడు నాకు కావలసింది అదొక్కటే. కానీ ఆ గదిలో మేడమ్ కాక ఇంకొక్కరికే చోటు. కాలేజీ తెరిచాక ఎవరి బొమ్మలు బాగుంటే వాళ్లకి. ప్రమీల ఏప్రిల్లోనే తీసి ఇచ్చేసింది. పన్నెండూ వచ్చాయి. పన్నెండూ పూలకుండీలే. అయినా వచ్చాయి.

మేడమ్ చెప్పిన నియమాలు:
1. సూర్యుడు నీ వీపు వెనక ఉండాలి.
2. పది అడుగుల దూరం.
3. ఊపిరి బిగబట్టి నొక్కు.
4. అది సముద్రం పక్క ఊరు. చెమ్మ తగలనివ్వకు.
5. ప్రతి బొమ్మకీ తేదీ, వేళ, ఏం తీశావో, ఎందుకు తీశావో రాయి. అబద్ధం రాయకు.

ఆ రాతపుస్తకమే ఇది.

నా ప్రతిన: మనుషుల్ని తీయను. ఒక్కరిని కూడా. మనుషులు కెమెరాను చూడగానే కొయ్యబారిపోతారు. ప్రకృతి అలా కాదు. నా జాబితా: సూర్యోదయం, క్షితిజం, ఉప్పు గుట్ట, తాటితోపు, ఒంటరి పడవ, కొంగ, మేఘం, ఇసుక మీద గాలి రాత, ఎండ్రకాయ బొరియ, కాలువ, సూర్యాస్తమయం. పన్నెండోది ఏకాంతం. దాన్ని ఎలా తీయాలో ఇంకా తెలియదు.

రోజుకో మాట కూడా నేర్చుకుంటాను. ఈ రోజు మాట: క్షితిజం.

సాయంత్రం 6:00

అమ్మమ్మకి కెమెరా గురించి పాఠం చెప్పాను. చెమ్మ తగిలితే ఫిల్ము పాడైపోతుందని రెండుసార్లు చెప్పాను. "నాకు తెలీదా పాపా, ఈ ఊర్లో చెమ్మకి పాడుగానిది ఏముంది?" అంది. కెమెరాను అటకమీద ఎండు మిరపకాయల పక్కన పెట్టింది.

మే 7, మంగళవారం. ఉదయం 5:40

బొమ్మ 1. సూర్యోదయం! సముద్రంలోంచి సగం తేలిన ఎర్రటి బింబం. ఊపిరి బిగబట్టాను. నొక్కాను.

నొక్కాక గుర్తొచ్చింది. సూర్యుడు వీపు వెనక ఉండాలి. సూర్యోదయాన్ని వీపు పెట్టి తీయడం ఎలాగో మేడమ్ చెప్పలేదు.

ఇంకొకటి. సూర్యుడికి కొంచెం ఎడమగా, నీటి అంచున ఎవరో కూర్చుని ఉన్నారు. పక్కన చెంబు ఉంది. ఎందుకు కూర్చున్నారో మేడమ్ చదివే పుస్తకంలో రాయను. దూరంగా ఉన్నారు కాబట్టి మనిషి కింద లెక్క కాదు. చుక్క.

ఉదయం 10:15

బొమ్మ 2. క్షితిజం. కెమెరా కొంచెం వాలింది. సముద్రం ఎడమ పక్కకి ఒలికిపోకపోతే బాగుంటుంది.

ఈ రోజు మాట: అరుణిమ.

మే 8, బుధవారం. ఉదయం 8:00

ఉప్పు మళ్ల దగ్గరికి వెళ్లాను. తెల్లటి గుట్ట ఎండలో కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది. సూర్యుడు నా వీపు వెనకే ఉన్నాడు. పది అడుగులు కొలిచాను. సరిగ్గా అప్పుడు మాలకొండమ్మ గంపతో అడ్డం వచ్చింది. ఉప్పు మళ్లలో పనిచేసే ఆడవాళ్లకి పెద్ద ఆమే.

"ఏంది పాపా, ఉప్పుకి ఫొటో తీస్తుండావా?"

"అవును అక్కా. కొంచెం పక్కకి జరుగుతావా?"

"ఉప్పు తనకి తానే ఎగిరొచ్చి గుట్టగా కూర్చుందనుకుంటుండావా? రెండు నెలలు మోసినా. అది ఫొటోలో ఉండాల, నేను పక్కకి జరగాల్నా?"

వెనక్కి జరిగి మళ్లీ పది అడుగులు కొలిచాను.

బొమ్మ 3. ఉప్పు గుట్ట. పక్కన మాలకొండమ్మ. గుట్ట ఎత్తు తెలియడానికి ఏదో ఒక కొలత ఉండాలి కదా. మాలకొండమ్మ కొలత. మనిషి కాదు.

ఉదయం 8:10

బొమ్మ 4. మిగతా అయిదుగురు కొలతలు. వాళ్లు గంపలు దించేసి వచ్చి నిలబడ్డారు. పని ఆగిపోయింది. తీస్తేగానీ కదలం అన్నారు. ఉప్పు పరిశ్రమకి నష్టం రాకూడదని తీశాను.

ఈ రోజు మాట: లవణం. మాలకొండమ్మకి చెప్పాను. "ఆ పేరు పెడితే జీతం ఎక్కువిస్తారా?" అంది.

మే 9, గురువారం. సాయంత్రం 4:00

సమాధానం మామ కొత్త సైకిలు తుడుస్తున్నాడు. నిన్నటి నుంచి తుడుస్తూనే ఉన్నాడు.

"నువ్వు మనుషుల్ని తియ్యనన్నావంట గదా. మంచిదే. సైకిలు మనిషి కాదు గదా?"

న్యాయంగానే ఉంది. పది అడుగులు కొలిచి, సైకిలును గోడకి ఆనించమన్నాను. ఊపిరి బిగబట్టాను. నొక్కే క్షణంలో మామ ఎగిరి సీటు మీద కూర్చున్నాడు.

బొమ్మ 5. సైకిలు. పైన ఏదో ఉంది.

ఈ రోజు మాట: చక్రం.

మే 10, శుక్రవారం. ఉదయం 9:30

పంచాయతీ ప్రెసిడెంటు పద్మనాభయ్య గారు మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ రారు. చేతిలో తాటి ముంజల గంప. అమ్మమ్మ బావి దగ్గర ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని చాలాసేపు వానల గురించి మాట్లాడారు. తర్వాత:

"సముద్రం తీసినావంట గదా, అమ్మాయ్."

"అవునండీ."

"ఎప్పుడు?"

"మంగళవారం పొద్దునండీ. సూర్యోదయం."

ముంజల గంపను నా వైపు జరిపారు.

"సముద్రం మటుకేనా?"

అప్పుడు తెలిసింది చుక్క ఎవరో.

"ఫిల్ము మందులో కడిగితేగానీ తెలీదండీ."

"కడిగితే పోతుందా?"

"కడిగితేనే వస్తుందండీ."

ఆయన గంపను ఇంకొంచెం నా వైపు జరిపారు.

"ఆ ఒక్కటి కత్తిరించి పారేస్తే?"

"పన్నెండూ ఒకే ముక్కండీ. మేడమ్ గారు తప్ప ఎవరూ ముట్టుకోకూడదండీ."

"ఆ మేడమ్ ఎవరికైనా చూపిస్తుందా?"

"బాగున్నవి కాలేజీ గోడకి పెడతారండీ."

పద్మనాభయ్య గారు లేచి వెళ్లారు. ముంజలు మర్చిపోయారు. నేను గుర్తు చేయలేదు.

మధ్యాహ్నం 3:00

మళ్లీ వచ్చారు. ఈసారి సిల్కు చొక్కా, కండువా. ఆయన మనిషి నరసయ్య వెనకాలే కుర్చీ, చిన్న బల్ల, బల్ల మీదికి లావుపాటి పుస్తకం మోసుకొచ్చాడు.

"అది గోడకి పెడితే, పక్కన ఇది గూడా పెట్టాల" అన్నారు.

కుర్చీలో నిటారుగా కూర్చుని ఎడమ చెయ్యి పుస్తకం మీద పెట్టారు. చేతి గడియారం కనిపించేలా చొక్కా చెయ్యి పైకి లాగారు. ఊపిరి బిగబట్టాల్సింది నేను. ఆయన కూడా బిగబట్టారు.

బొమ్మ 6. రాయను.

బొమ్మ 7. ఆయన భార్య వెంకటశేషమ్మ గారి ఆవు. ఆవు బెదురుతుందని ఆవిడ పక్కన నిలబడింది. నాలుగు పేటల గొలుసు వేసుకుని నిలబడింది.

నియమం 5: ఎందుకు తీశావో రాయి. ముంజలు తిన్నాను కాబట్టి.

ఈ రోజు మాట: ముంజ.

మే 11, శనివారం. ఉదయం 7:00

ఇక చాలు. మిగిలినవి అయిదు. ఇవాళ్టి నుంచి గట్టిగా ఉంటాను. తాటితోపు, ఒంటరి పడవ, కొంగ, మేఘం, ఏకాంతం. సరిగ్గా అయిదు. దేవుడే లెక్క కుదిర్చినట్టుంది.

ఉదయం 7:20

బొమ్మ 8. నా ఎడమ కాలు. మీట తిప్పుతుండగా వేలు తగిలింది.

మే 12, ఆదివారం. ఉదయం 11:00

గుడి నుంచి ఇప్పుడే వచ్చాను. పాస్టరు గారు ప్రకటనల చివర్లో, "మన సంఘంలో కెమెరా ఉన్న చెల్లెలు ఒకరు ఉన్నారు" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. ప్రార్థనలో కూర్చుని ప్రతిన గురించి ఎలా చెప్పను?

చింతచెట్టు కింద నాలుగు వరుసలు. నీడలో తీస్తే నల్లగా వస్తుందని ఎండలోకి జరిపాను. ఎండ కళ్లలో పడుతోందని వాళ్లు తిరిగి నీడలోకి జరిగారు. మూడుసార్లు ఇలాగే అయింది. చివరికి సగం మంది ఎండలో, సగం మంది నీడలో నిలబడ్డారు.

బొమ్మ 9. ఏకాంతం. నలభై ఏడు మంది.

అమ్మమ్మ మాత్రం రాలేదు. గుడి వెనక నిలబడింది. "మీ తాత ఫొటో దిగిన ఏడో రోజు పోయినాడు. నన్ను తియ్యబాకు, పాపా" అంది. ఊరంతా తీయమంటోంది. ఒక్కరే వద్దంటున్నారు. నా ప్రతినని గౌరవించే మనిషి అమ్మమ్మ ఒక్కతే.

మే 13, సోమవారం. ఉదయం 6:30

బొమ్మ 10. కొంగ! మనిషి లేడు. కాలువ ఒడ్డు, ఒంటికాలి మీద కొంగ. పది అడుగులకి వచ్చేసరికి ఎగిరిపోయింది. వేలు అప్పటికే నొక్కేసింది.

కాబట్టి, బొమ్మ 10: కొంగ నిలబడిన చోటు.

సాయంత్రం 5:00

బొమ్మ 11. మాలకొండమ్మ మళ్లీ. బుధవారం నొక్కేటప్పుడు ఒక కన్ను మూతపడిందట. "గుడ్డిదాని మాదిరి కాలేజీ గోడ మీద ఉంటానా?" అంది. వద్దన్నాను. ఉప్పు మళ్ల నుంచి ఇంటిదాకా వెనకాలే వచ్చి, గుమ్మంలో కూర్చుంది. ముందు ఆకలేసింది నాకే. తీశాను.

ఈ రోజు మాట: కుదరదు. నాకు చెప్పడం చేతకాని మాట.

మే 14, మంగళవారం. మధ్యాహ్నం 12:00

ఒక్కటే మిగిలింది. తాటితోపుకి బయల్దేరాను.

పెరట్లో అమ్మమ్మ చేపలు ఆరబెడుతోంది. ఉప్పు పట్టించిన చేపల్ని ఒక్కొక్కటే తీసి చాప మీద పరుస్తోంది. పరిచి, రెండు వేళ్లతో తోక సవరించి, ఇంకొకటి. ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లేసరికి మొదట పరిచినవి తిప్పే వేళవుతుంది. మళ్లీ మొదటికి వచ్చి తిప్పుతుంది. కాకి వస్తే తలెత్తకుండానే గాజులు గలగలలాడిస్తుంది. కాకి వెళ్లిపోతుంది.

నన్ను చూడలేదు. కొయ్యబారలేదు.

పది అడుగులు. సూర్యుడు నడినెత్తిన. ఊపిరి బిగబట్టాలని గుర్తు కూడా లేదు, అదే ఆగింది.

బొమ్మ 12. అమ్మమ్మ. వెనక నుంచి.

ఎందుకు తీశానో తెలియదు. ఇది అబద్ధం కాదు. కానీ ఒకటి తెలుసు. ప్రమీల పూలకుండీలన్నీ కలిపినా దీనికి సరిపోవు. చీకటి గదిలో తెల్ల కాగితం మీద ముందు ఆ గాజుల చెయ్యి తేలుతుంది. నేను పక్కనే నిలబడి చూస్తాను.

మధ్యాహ్నం 1:00

మీట చివరిదాకా తిప్పి, రోలు బయటికి తీసి, కాగితం అంటించాను. గుడ్డలో చుట్టి బియ్యం కుండలో దాచాను. బియ్యం చెమ్మను పీల్చేస్తుందట. "చెమ్మ తగిలిందంటే పన్నెండు బొమ్మలూ పోతాయి అమ్మమ్మా" అని అయిదోసారి చెప్పాను. "ఎన్నిసార్లు చెప్తావు పాపా. నా ప్రాణం అడ్డం పెడతా, పో" అంది.

మే 15, బుధవారం

వేళ కాని వాన. పొద్దున్నుంచి కురుస్తోంది. వంటింటి కప్పు మూడు చోట్ల కారుతోంది. అమ్మమ్మ గిన్నెలు పెట్టింది.

మే 16, గురువారం. సాయంత్రం 5:30

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెల్లారి మంచి ఎండ కాసింది. మాలకొండమ్మతో కలిసి మామ పడవలో కృష్ణపట్నం దాకా వెళ్లాను. నాలుగు గంటలకి వచ్చాను. పెరట్లో నులకమంచం. మంచం మీద బియ్యం ఆరబోసి ఉంది. బియ్యం పక్కన, ఈ కోడు నుంచి ఆ కోడు దాకా చాచి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్లు పెట్టి, నా ఫిల్ము.

అమ్మమ్మ దాని పక్కనే కూర్చుని కాకుల్ని తోలుతోంది.

"బియ్యం కుండలోకి వాన కారింది, పాపా. గుడ్డంతా తడిసింది. కాగితం మెత్తబడింది. నా గుండె ఆగిపోయిందనుకో. పొద్దున తొమ్మిదింటికే విప్పి పరిచినా. గంటకోసారి తిప్పినా. రెండు పక్కలా బాగా ఎండింది, చూడు. చెమ్మ అనేది ఒక్క చుక్క లేదు."

లేదు. ఎండు చేపలా గలగలమంటోంది. బూడిద రంగు ఫిల్ము ఊదా రంగుకి తిరిగింది.

అమ్మమ్మ అటూ ఇటూ చూసి, నన్ను దగ్గరికి లాక్కుని, చెవిలో చెప్పింది:

"ఒక మాట. ఏడవబాకు. విప్పినప్పుడు చూసినా. ఒక్క బొమ్మా లేదు పాపా అందులో. ఉత్త కాగితమే. నీ కెమేరా పనిచెయ్యలేదు. నువ్వేమో ఊరంతా తిరిగి అంత కష్టపడితివి. నేను ఎవురికీ చెప్పలేదులే. కడుపులో పెట్టుకుంటా."

చెమ్మ గురించి అయిదుసార్లు చెప్పాను. వెలుతురు తగిలితే పోతుందని ఒక్కసారి కూడా చెప్పలేదు. మందులో కడిగేదాకా ఫిల్ములో బొమ్మ కనపడదని కూడా చెప్పలేదు. మేడమ్ నియమాల్లో కూడా లేదు. అందరికీ తెలిసిన సంగతే అనుకున్నాం కాబోలు, ఆవిడా నేనూ.

"అవునమ్మమ్మా. కెమెరాయే పనిచెయ్యలేదు" అన్నాను.

నియమం 5: అబద్ధం రాయకు. రాయలేదు. చెప్పాను.

మే 17, శుక్రవారం

నులకమంచం వీధిలోకి కనిపిస్తుంది. ఊరంతా తెలిసిపోయింది. "పాప డబ్బాలో ఏమీ పడలేదంట." సమాధానం మామ నాతో మాట్లాడకుండా సైకిలు తుడుస్తున్నాడు. మాలకొండమ్మ వీధిలోంచే అరిచింది: "రెండుసార్లు నవ్వించినావు గదమ్మే, ఉత్త డబ్బా ముందర!" నలభై ఏడు మందికి ఆదివారం మొహం ఎలా చూపించాలి? రేపే నెల్లూరు బస్సు.

సాయంత్రం 4:00

పద్మనాభయ్య గారు మామిడిపళ్ల గంప పంపించారు. నాకు కాదు, అమ్మమ్మకి. ఎందుకో అమ్మమ్మకి అర్థం కాలేదు. కాసేపటికి నరసయ్య మళ్లీ వచ్చి గుమ్మంలో తచ్చాడాడు.

"అయ్య కనుక్కోమన్నాడమ్మా. గడియారం బొమ్మ గూడా పోయినట్టేనా?"

"పోయినట్టే నరసయ్యా."

"ఆ ఒక్కటైనా ఎండకుండా ఉంటే బాగుండే అంటుండాడు."

జూన్ 24, సోమవారం

మేడమ్ గారు నా ముందే చీకటి గదిలో రోలు కడిగారు. లోపల నిలబడనిచ్చారు. ఇదొక్కసారికే. మొత్తం నల్లగా వచ్చింది. జడకి కట్టుకునే నల్ల రిబ్బనులా ఉంది.

బయటికి వచ్చి ఈ పుస్తకం అడిగారు. కుర్చీలో కూర్చుని చదివారు. బొమ్మ 1 దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. బొమ్మ 6 దగ్గర మళ్లీ తుడుచుకున్నారు. బొమ్మ 12 దగ్గర తుడుచుకోలేదు. ఆ పేజీ తిప్పడానికి చాలాసేపు పట్టింది.

"చెమ్మ గురించి అయిదుసార్లు చెప్పావు."

"అవును మేడమ్."

"వెలుతురు గురించి నేను నీకు చెప్పలేదని కూడా రాశావు."

"అబద్ధం రాయొద్దన్నారు మేడమ్."

"గదిలో చోటు ప్రమీలదే. ఆమె పన్నెండు తెచ్చింది, నువ్వు రిబ్బను తెచ్చావు."

"అవును మేడమ్."

"కానీ మేం లోపల ఉన్నప్పుడు తలుపు దగ్గర ఒకరు కావాలి. ఎవరూ తలుపు తెరవకుండా, వెలుతురు లోపలికి రాకుండా చూసుకోవాలి. ఆ పనికి అనుభవం ఉన్నవాళ్లు నువ్వు తప్ప ఎవరూ లేరు."

జూన్ 29, శనివారం. సాయంత్రం 4:00

తలుపు బయట ముక్కాలి పీట మీద కూర్చున్నాను. లోపల నీళ్ల చప్పుడు. ప్రమీల "అబ్బ!" అంది. ఏదో తేలినట్టుంది. పూలకుండీయే అయి ఉంటుంది.

ప్రిన్సిపాలు గారు తలుపు తియ్యబోయారు. "కుదరదు" అన్నాను. ఆవిడ ఆగిపోయారు. నేను కూడా ఆశ్చర్యపోయాను.

సెప్టెంబరు 21, శనివారం. మధ్యాహ్నం 2:00

పదమూడో శనివారం. మేడమ్ తలుపు తెరిచి నా ఒళ్లో ఒక చిన్న పెట్టె పడేశారు. మద్రాసు నుంచి వచ్చిందట. కొత్త రోలు! పన్నెండు! దసరా సెలవులు వచ్చే వారమే. "ఈసారి బొమ్మలు వస్తే రెండో పీట వేయిస్తా లోపల. ఇరుకైనా సరే" అన్నారు.

అమ్మమ్మ నుంచి ఉత్తరం కూడా వచ్చింది, మామ రాసినది. కెమేరా బాగు చేయించుకుని రమ్మంది. ఈసారి బొమ్మలు పడకపోతే ముందే తనకి చెప్పమంది. ఇద్దరం కలిసి దాచిపెట్టుకుందామట.

చెయ్యాల్సినవి:
1. ఫిల్ము ఎండబెట్టక్కర్లేదని అమ్మమ్మకి చెప్పాలి. ఎందుకో చెప్పకూడదు.
2. వంటింటి కప్పు బాగు చేయించమని మామకి రాయాలి.

ప్రతిన: ఈసారి మనుషుల్ని తీయను. ఒక్కరిని కూడా. ఖాయం.

మినహాయింపులు: మాలకొండమ్మ, రెండు కళ్లూ తెరిచి. ఆమెతో పనిచేసే అయిదుగురు, మళ్లీ గంపలు దించేస్తారు. మామ, సైకిలు దిగి పక్కన నిలబడితేనే. సంఘం, అందరూ ఎండలో. పద్మనాభయ్య గారు, గడియారంతో. ఆయనే ఇంకోసారి, చిరునవ్వుతో, మామిడిపళ్లు పంపారు కాబట్టి. వెంకటశేషమ్మ గారు, ఈసారి ఆవు లేకుండా. నరసయ్య, కుర్చీ మోసినందుకు కుర్చీలో. కొంగ మనిషి కాదు, అయినా రాసుకున్నాను, అది నాకు బాకీ. అమ్మమ్మ చేపలు ఆరబెడుతూ. అమ్మమ్మ కాకిని తోలుతూ. అమ్మమ్మ ఎదురుగా, ఒప్పుకుంటే.

లెక్కపెట్టాను. సరిగ్గా పన్నెండు. సముద్రానికి చోటు లేదు.

ఫరవాలేదు. ఎవరో ఒకరి వెనక నిలబడమంటాను.